తనకి పల్లీలు పడవు

"తనకి పల్లీలు పడవమ్మా," అన్నారాయన ఆ థాయ్ హోటల్లో వడ్డించే అమ్మాయితో, మెనూ మూసి పక్కన పెడుతూ, నా వైపు చూడకుండానే నన్ను చూపిస్తూ, మంచినీళ్ళు తెమ్మన్నంత మామూలుగా. నేను అప్పటికే దేనికో నవ్వుతున్నాను, కొత్తవాళ్ళ ముందు పెట్టుకునే నవ్వు, దాన్ని ఎక్కడ దింపాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చున్నాను. ఎవరికి పడవు? నాకా? నేను బతుకుతున్నదే వాటి మీద కదా. సాయంత్రం కళ్ళజోళ్ళ దుకాణం మూసి ఇంటికొచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే మూకుడు పొయ్యి మీద పెట్టి, గుప్పెడు పల్లీలు వేయించుకుని, అక్కడే నిలబడి పొట్టు ఊదుకుంటూ తింటేగాని రోజంతా జనం కళ్ళల్లోకి చూసిన అలసట దిగదు నాకు. ఆ సంగతి ఈ మనిషికి తెలుసు. తెలియడమేమిటి, పక్కన నిలబడి తిన్నారు, పొట్టు నా చీర మీదికి ఊదారు, మాడినవి ఏరి నాకే ఇచ్చారు. పైగా "తనకి" అన్నారు. నలుగురిలో నన్ను మేడమ్ అంటారు, వీరు అంటారు, తను అన్నది ఇదే మొదటిసారి. మురిసిపోదామంటే ఆ మాట నాది కాదు, దాని వెంట వచ్చిన పల్లీలూ నావి కావు. అదేమిటండీ అని అడగబోయి నోరు తెరిచాను. ఎదురుగా ఆయన కూతురు మంచినీళ్ళ గ్లాసు పెదవుల దగ్గరే ఆపి తండ్రిని చూస్తోంది, ఆ చూపు చూశాక నాకు అర్థమైంది, పల్లీలు పడనిది వీళ్ళమ్మకి.

నాలుగేళ్ళ కింద పోయారావిడ. పల్లీల వల్ల కాదు, కిడ్నీలు పాడయి, ఆసుపత్రిలో చాలాకాలం ఉండి పోయారు. కానీ పెళ్ళయిన కొత్తలో ఎవరింట్లోనో ఒక ముద్ద తిని, పెదవులు వాచి, గొంతు మూసుకుపోయి, చావు దాకా వెళ్ళి వచ్చారట. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు ఆ ఇంటి గడప పల్లీ తొక్కలేదు. బయట తినడానికి వెళ్తే మాకో పద్ధతి ఉండేది అని ఆయనే చెప్పారొకసారి, చెబుతూ నవ్వారు కూడా: నేను ముందు చెప్తాను, అమ్మాయి మళ్ళీ అడుగుతుంది, అబ్బాయి ముందుగా రుచి చూస్తాడు, ఆ తర్వాతే మా ఆవిడ చెంచా ముట్టుకునేది. మహారాణులకి ఉండేవారట అలా రుచి చూసేవాళ్ళు, అన్నాను నేను, ఆయన నవ్వడం ఆపేశారు. ఇప్పుడు ఆ పద్ధతిలో మొదటిది అయిపోయింది. రెండోది నా కళ్ళముందే మొదలైంది. కూతురు గ్లాసు కింద పెట్టి, "మూకుడు వేరేది వాడతారా, అదే కడిగి వాడతారా?" అంది వడ్డించే అమ్మాయితో. "నూనె? గరిటె? బొప్పాయి ముక్కలు దంచే రోట్లోనే పల్లీలూ దంచుతారు కదా, ఆ రోలు అసలు వద్దు. సరేనా?" అంది. దానితో కొడుకు ఫోను బోర్లా పెట్టి, ముందుగా తెచ్చిపెట్టిన స్ప్రింగ్ రోల్స్ ప్లేటును తన వైపు లాక్కుని, ఒకదాని చివర కొరికి, కళ్ళు మూసుకుని నమిలి, కాసేపు ఆగి, ప్లేటు నా ముందుకు తోశాడు. ముగ్గురికి ముగ్గురూ ఇంత పొందికగా చేశారే, ఎవరైనా చూస్తే ఎంత ప్రేమగల కుటుంబమో అనుకుంటారు.

నిజంగానే ప్రేమగల కుటుంబం. అందుకే కదా నోరు పెగలడం లేదు. గుమ్మంలో కలిసినప్పటి నుంచి ఆ కూతురు నాతో అన్న మాటలన్నీ కలిపితే ఒక వాక్యం కాదు. బాగున్నారా అంది, ఊఁ అంది, ఏసీ ఎక్కువైందా అని తమ్ముణ్ణి అడిగింది. నాకోసం ఆ అమ్మాయి చేసిన మొదటి పని ఇదీ, ఈ మూకుడు ఆరా, అది కూడా నాకోసం కాదు. ఇప్పుడు నేను, అమ్మా నాకేం ఇబ్బంది లేదు, శుభ్రంగా తింటాను అంటే, నువ్వు మా అమ్మవి కావు అని వాళ్ళకి నేనే గుర్తుచేసినట్టు. అనకుండా ఊరుకుంటే, ఔను నేను మీ అమ్మనే అని ఒప్పుకున్నట్టు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్న సామెతలో పాము నోరు తెరుచుకునే అవకాశమైనా ఉంది. నాకు లేచి బయటికి పోయే దారి కూడా లేదు. ఒకపక్క గోడ, గోడ మీద వెదురు తడక, రెండోపక్క ఆయన, ముందు బల్ల, బల్ల అంచు నా పొట్టకి తగులుతోంది. మూలకి జరగండి, హాయిగా ఉంటుంది, అన్నారు రాగానే. జరిగాను, ఎంత మర్యాదో అనుకుంటూ. ఇప్పుడు చూస్తే ఆ మూల ఎందుకో తెలుస్తోంది. పక్క బల్లల వాళ్ళ ప్లేట్లకి అందనంత దూరం, వడ్డించేవాళ్ళ చేతులు తలమీదుగా పోని చోటు. ముప్ఫై ఏళ్ళుగా ఏ హోటలుకి వెళ్ళినా అదే మూల వెతుక్కుని ఉంటారు, కాళ్ళు వాటంతట అవే నన్నిక్కడికి తెచ్చి కూర్చోబెట్టాయి, ఆయన తప్పేం లేదు.

ఆయన తప్పు లేకపోవడమే నా ఖర్మ. తప్పు చేసే మగాడైతే కోప్పడి లేచి వెళ్ళిపోవచ్చు. ఈ మనిషి గొంతు విని మనసు పారేసుకున్నదాన్ని నేను. మా దుకాణం ఉన్న భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది, నేనొక్కదాన్నే ఉన్నాను లోపల, దీపం కూడా ఆరిపోయింది. బటన్ల కింద చిల్లుల రేకు ఒకటుంటుంది కదా, దాన్లోంచి, అమ్మా, తలుపు లాగకండి, కింద కూర్చోండి, నేను మాట్లాడుతూనే ఉంటాను, అని వచ్చింది ఈ గొంతు. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పెద్ద మెకానిక్కు, ఎక్కడో పైన తాళ్ళ దగ్గర పని చేస్తూనే మాట్లాడారు, వాన గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి, దగ్గరి చూపుకి కళ్ళజోడు మార్చాలో లేదో అన్న సందేహం గురించి. తలుపు తెరుచుకునేసరికి నాకు కొంచెం బాధేసింది, ఇంకాసేపు ఆగి ఉండాల్సింది లిఫ్టు అనిపించింది. మర్నాడు కళ్ళజోడు కోసం వచ్చారు. ఇప్పుడు మాత్రం ఆ గొంతే నన్ను ఈ మూలలో పెట్టి మూత వేసింది, ఇందులో మాట్లాడటానికి చిల్లుల రేకు కూడా లేదు.

పైగా ఇవాళ చెప్పేద్దాం అన్నారు పిల్లలకి. తినడం అయ్యాక, తీపి తెప్పించుకున్నాక, నెమ్మదిగా. వచ్చే నెల రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, హంగామా ఏమీ ఉండదు, నేను నా అద్దె ఇల్లు ఖాళీ చేసి వాళ్ళింటికి మారిపోవడం. రేపు పొద్దున్నే మా ఓనరమ్మకి మాట చెప్పాలి, ఆవిడ తమ్ముడి కొడుక్కి ఆ ఇల్లు కావాలని కాసుకుని కూర్చుంది, ఒకసారి సరే అన్నానంటే మళ్ళీ దొరకదు. ఈ మధ్య రాత్రిళ్ళు పడుకుని నా గిన్నెలు ఆ ఇంట్లో ఎక్కడ సర్దుకోవాలా అని లెక్కలు వేసుకుంటున్నాను, పల్లీల సీసా ఎక్కడ పెట్టాలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు, చూశారా. ఆ ఇంటికి వెళ్ళాను ఒకసారి, మధ్యాహ్నం పూట, వంటింట్లో గోడకి మేకు కొట్టి, దానికి తాడుతో భూతద్దం వేలాడదీసి ఉంది. ఇదేమిటండీ వంటింట్లో అన్నాను, నా వృత్తి అది కాబట్టి నా కన్ను ముందు అద్దం మీదికే పోతుంది. ప్యాకెట్ల మీద చిన్నక్షరాలు చదవడానికి, అన్నారు. అద్దం మీద ఒక్క మరక లేదు. నాలుగేళ్ళుగా ఎవరు తుడుస్తున్నారండీ అని అడిగి ఉండాల్సింది అప్పుడే. అడగలేదు, ఎంత శుభ్రమైన మనిషో అని ముచ్చటపడ్డాను. యాభై రెండేళ్ళు వచ్చాయి నాకు, ఇంకా ఇలాంటివాటికి ముచ్చటపడుతూనే ఉన్నాను.

నేనెప్పుడూ ఎవరో ఒకరి పథ్యం తిన్నదాన్నే. అమ్మానాన్నా పోయాక అక్క తీసుకెళ్ళి తనింట్లో పెట్టుకుంది, మంచిది, ఒక్క మాట అనలేదు ఏనాడూ, కానీ బావకి కడుపులో పుండు. ఆ ఇంట్లో పచ్చిమిరపకాయ కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఇరవై ఏళ్ళు పైగా ఉప్పూ కారం లేని తిండి తిన్నాను, మొదట్లో బావ కోసం అనుకున్నాను, తర్వాత అలవాటు అనుకున్నాను, ఒకరోజు దుకాణంలో ఎవరో పెట్టిన ఊరగాయ ముక్క నాలుక మీద పడగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కారం వల్ల కాదు, ఇదొకటి ఉంది కదా లోకంలో అని. ఆ నెలే ఇల్లు వెతుక్కున్నాను. అక్క ఏడ్చింది, ఏం తక్కువ చేశానే నీకు అంది, కారం తక్కువ చేశావు అంటే బాగుండదు కదా, ఏమీ లేదక్కా అన్నాను. కొత్త ఇంట్లో మొదటి సాయంత్రం ఏం వండుకోవాలో తోచలేదు, నాకేం ఇష్టమో నాకే తెలియదు అప్పటికి. కిందికి దిగి కనిపించిన మొదటి కొట్లో గుప్పెడు పల్లీలు కొనుక్కొచ్చి వేయించుకున్నాను. అలా మొదలైంది, గొప్పేం లేదు అందులో. కానీ ఎవరినీ అడక్కుండా తిన్న మొదటి తిండి అది.

ఈలోగా వడ్డించే అమ్మాయి లోపలికి వెళ్ళి తిరిగొచ్చింది, ఒంటరిగా కాదు, నల్లకోటు మేనేజరుతో. అతను చేతులు జోడించి, మేడమ్ గారి విషయం తెలిసింది, మీరేం కంగారు పడకండి, అన్నాడు, నాకు కంగారు లేదని చెప్పబోయాను, కంగారు పడేవాళ్ళంతా చెప్పేది అదే కదా అన్నట్టు ఇంకా ఓదార్పుగా నవ్వాడు. కొబ్బరి పాలు ఫర్వాలేదా, చేపల సాసు ఫర్వాలేదా, రొయ్యలు ఫర్వాలేదా, నువ్వులు ఫర్వాలేదా అని ఒక్కొక్కటే అడిగాడు, ప్రతిదానికీ నా బదులు ఆయన కూతురు జవాబు చెప్పింది, నువ్వుల దగ్గర మాత్రం తడబడి తండ్రి వైపు చూసింది, ఆయన తల ఊపారు. నేనొకదాన్ని ఇక్కడ కూర్చున్నానని, నాకొక నోరుందని ఎవరికీ తట్టలేదు. అంతటితో వదిలినా బాగుండేది. మా పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన, ఆయన భార్య, పుల్లలకి గుచ్చిన మాంసం ముక్కలు పల్లీల ముద్దలో ముంచుకుని కమ్మగా తింటున్నారు, ఆ వాసనకి నా ప్రాణం లాగేస్తోంది అప్పటికే. మేనేజరు వంగి వాళ్ళ చెవిలో ఏదో చెప్పాడు. ముసలాయన నా వైపు తిరిగి, పాపం అన్నట్టు చూసి, సగం తిన్న ప్లేటు చేత్తో ఎత్తిపట్టుకుని, భార్యని లేవదీసి, అవతలి మూల బల్లకి నడిచాడు. పోతూ పోతూ కాగితం రుమాలుతో చేతివేళ్ళు ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు, నేను చూస్తున్నానని. చాలా థాంక్సండీ అన్నాను. ఏమనాలి మరి? నోటి దాకా వచ్చిన వాసన లేచి వెళ్ళిపోతుంటే థాంక్స్ చెప్పిన మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

బల్ల కింద ఆయన కాలు తొక్కాను. ముందు మెల్లగా, తర్వాత మడమతో. ఆయన కాలు పక్కకి జరుపుకుని, చోటు చాలట్లేదా, అని ఇంకాస్త అంచుకి జరిగారు. మళ్ళీ తొక్కాను. మంచినీళ్ళ జగ్గు నా దగ్గరికి తోశారు. కళ్ళతో సైగ చేశాను, నా దుకాణానికి వచ్చే సగం మందికి చెప్తాను నేను, మీకు దూరం బాగా కనిపిస్తోంది, దగ్గరే కనిపించట్లేదు అని, ఈయనకీ అదే చెప్పి అద్దాలు ఇచ్చాను, అద్దాలు పెట్టుకునే ఉన్నారు. కొడుకుతో ఆఫీసు సంగతులు మాట్లాడుతున్నారు హుషారుగా. ఇంత హుషారుగా నేనెప్పుడూ చూడలేదు ఈయన్ని. నలుగురూ ఒక బల్ల దగ్గర కూర్చుని, కూతురు ఎదురుగా, కొడుకు పక్కన, తన పక్కన మూలలో ఒక ఆడమనిషి, ఆ లెక్క సరిపోయింది కదా, ఇక లోపల ఎక్కడో ఇన్నాళ్ళూ బిగుసుకుని ఉన్నదేదో వదులైపోయినట్టుంది. ఆ సంతోషం నా వల్లే. నేను ఇక్కడ కూర్చోబట్టే. కానీ నేను ఎవరినైనా ఫర్వాలేదేమో అన్న అనుమానం వచ్చింది. కోపమొచ్చింది కూడా, చెప్పొద్దూ. పోయిన మనిషి మీద కోపమేమిటి, సిగ్గులేకపోతే సరి. ఆవిడ ఏం చేశారు పాపం, ఒక గింజ తింటే చచ్చిపోయేవారు, ముప్ఫై ఏళ్ళు ముగ్గురు మనుషులు కాపలా కాశారు. నన్ను ఎవరు కాపలా కాశారు? నాకు ఏదీ పడకపోవడం అనేది లేదు, రాళ్ళు తిన్నా అరిగించుకుంటాను, అలాంటివాళ్ళని ఎవరూ కాపలా కాయరు. చిన్న ఆశ కూడా పుట్టింది, ఇది నిజంగా సిగ్గుచేటైన ఆశ: ఊరుకుంటే సరిపోతుంది కదా. పల్లీలు పడవు అంతే. ఇకమీదట ప్రతి హోటల్లో నాకోసం ఒకరు చెప్తారు, ఒకరు మళ్ళీ అడుగుతారు, ఒకరు ముందు రుచి చూస్తారు. గుప్పెడు పల్లీలు వదిలేసుకుంటే ఇంత దొరుకుతుందంటే ఎవరు మాత్రం కాదంటారు. బావ కడుపు పుండుకి కారం వదిలేసినదాన్ని, ఇదో లెక్కా. ఇరవై ఏళ్ళు.

ఆ ఇరవై ఏళ్ళ దగ్గరికి వచ్చేసరికి గొంతు దగ్గర ఏదో అడ్డుపడింది. నిజంగానే ఊపిరి ఆడలేదు కాసేపు. ఆయన కూతురు నన్ను చూస్తోంది, ఆమె చేయి బల్ల మీంచి జారి ఒళ్ళోని సంచీ మీదికి వెళ్ళింది, జిప్పు మీద ఆగింది. అమ్మకి గొంతు మూసుకుపోతే వెంటనే ఇవ్వడానికి ఎప్పుడూ ఒక ఇంజక్షను సంచీలో పెట్టుకుని తిరిగేదని విన్నాను. ఇప్పటికీ తీసేయలేదేమో. వద్దమ్మా, నాకేం కాలేదు అని తల అడ్డంగా ఊపాను. ఆ అమ్మాయి జిప్పు మీంచి చేయి తీసింది, ముఖం తిప్పుకుంది. మా ఇద్దరి మధ్యా ఏదో జరిగింది, ఏమిటో ఆ క్షణంలో నాకు తెలియలేదు.

ప్లేట్లు వచ్చాయి. వాళ్ళ ముగ్గురివీ మామూలుగా వచ్చాయి, నాది మాత్రం మేనేజరు స్వయంగా పట్టుకొచ్చాడు, పైన మూత, మూత మీద ఎర్ర కాగితపు జెండా గుచ్చిన నిమ్మచెక్క, వెనకాల తెల్ల టోపీతో వంటాయన, ఆయన వెనక ఆ అమ్మాయి, ముగ్గురూ వరసగా నిలబడ్డారు. మూత తీశారు. సన్నటి నూడుల్సు, మొలకలు, గుడ్డు, తోటకూర కాడల్లాంటి పచ్చటి కాడలు. వాళ్ళ ముగ్గురి ప్లేట్లలోనూ పల్లీపొడి లేదు. నాకోసం అందరికీ తీసేయమన్నారని అప్పుడు తెలిసింది. "దగ్గరుండి చేశానమ్మా, కొత్త మూకుడు తీశాను," అన్నాడు వంటాయన, చెమట తుడుచుకుంటూ, "ధైర్యంగా తినండి." కొడుకు అప్పటికే చెయ్యి చాచి నా ప్లేటులోంచి ఫోర్కుతో కొంచెం తీసి నోట్లో పెట్టుకున్నాడు, నమిలాడు, ఆగాడు, "బాగానే ఉంది, తిను..." అని, వెంట రాబోయిన అమ్మా అన్న మాట నోట్లోనే మింగేసి, చెవులదాకా ఎర్రబడి, తేలు కుట్టిన దొంగలా ప్లేటులోకి తలదించుకున్నాడు. ఆయన మాత్రం నా వైపు తిరిగి, ముఖమంతా వెలిగిపోతూ, ఇక తిను అన్నట్టు చూశారు. ఐదుగురు నా నోటి వంక చూస్తున్నారు. చెంచా ఎత్తాను. దింపాను.

"నాకు పల్లీలు పడతాయండీ," అన్నాను వంటాయనతో, ఎందుకో ఆయనకే చెప్పబుద్ధేసింది. "రోజూ తింటాను."

"మరి మూకుడు..." అంది వడ్డించే అమ్మాయి, ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఎవరన్నారు పడవని?" అన్నారాయన నా పక్కనుంచి. నిజంగానే అడిగారు. మేనేజరు వైపు కాస్త కోపంగా కూడా చూశారు.

"నువ్వే అన్నావు నాన్నా," అన్నాడు కొడుకు తలెత్తకుండా.

"నేనా?"

"రాగానే అన్నావు. తనకి పల్లీలు పడవు అని. ఎప్పుడూ అన్నట్టే."

ఆయన నన్ను చూశారు, నా పక్కన గోడని చూశారు, బల్లని చూశారు, నలుగురికి నాలుగు ప్లేట్లు. ఆ ముఖం నేను చూడలేకపోయాను. మేనేజరు మర్యాదస్తుడు, వంటాయన్ని భుజం మీద తట్టి లోపలికి తీసుకెళ్ళిపోయాడు, ఆ అమ్మాయి మాత్రం ఎటు పోవాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. కూతురు నా వైపు తిరిగింది. సాయంత్రం నుంచీ మొదటిసారి పూర్తిగా తిరిగింది. "నాకు తెలుసండీ మీకు కాదని," అంది. "నాన్న అనగానే తెలిసింది. అయినా అడిగాను. ఇంకొక్కసారి అడగాలనిపించింది. మీరేమనుకుంటారో అని కూడా ఆలోచించలేదు, సారీ."

నాకింత కోపం వచ్చిందమ్మా అని చెప్పనా, లేక ఇంకో పదిసార్లు అడుగు, ఊరుకుంటాను అని చెప్పనా. రెండూ నిజమే. ఆయన గొంతు సవరించుకున్నారు. "నాకు తెలియక కాదురా. ఈవిడ తింటుందని నాకు తెలియదా? వాళ్ళింట్లో నేనూ తింటాను కదా," అన్నారు, ఎలాగైనా తప్పు దిద్దుకోవాలని.

"నువ్వు తింటున్నావా?" అంది కూతురు. "పల్లీలా?"

పెళ్ళి సంగతి చెబితే ఎలా ఉంటుందో అని నేను ఎన్ని రకాలుగానో ఊహించుకున్నాను, కూతురు అరుస్తుందనో లేచి వెళ్ళిపోతుందనో. ఇలా ఉంటుందనుకోలేదు. వేరే ఆడదాని ఇంటికి వెళ్తున్నాడని ఆ అమ్మాయికి తెలుసు, దానికి ఏదోలా సర్దుకుంది, కానీ అక్కడ పల్లీలు తింటున్నాడంటే గుండెలో పొడిచినట్టయింది. ఆయనకీ అది తెలిసింది. "చేతులు కడుక్కునే ఇంటికొస్తానమ్మా," అన్నారు గబగబా. "సబ్బుతో, మోచేతుల దాకా. నోరు కూడా పుక్కిలించుకునే వస్తాను. చొక్కా దులుపుకుంటాను. ఒక్కసారి కూడా అలాగే రాలేదు, ఒట్టు."

"ఇంట్లో ఎవరున్నారు నాన్నా?" అంది ఆ అమ్మాయి మెల్లగా.

ఆయన తన అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నారు. మా ఇంట్లో సబ్బు తొందరగా అరిగిపోయేది. లిఫ్టుల గ్రీజు అంటిన చేతులు కదా, ఆ మాత్రం అలవాటు ఉంటుందిలే అనుకునేదాన్ని. నా దగ్గర ఇంత సేపు నవ్వి, తిని, సింకు దగ్గర నిలబడి మోచేతుల దాకా కడుక్కుని, తాళం వేసి ఉన్న ఇంటికి, దీపం కూడా తనే వేసుకోవాల్సిన ఇంటికి, ఆవిడకి ఏమీ కాకూడదని జాగ్రత్తగా వెళ్ళేవారన్నమాట. అసూయ పడ్డాను. అంతకంటే ఎక్కువగా ఆ చేతులంటే ప్రేమ ముంచుకొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చి ఏది ఏదో తేల్చుకోలేకపోయాను. ఒకటి మాత్రం తేటతెల్లంగా కనిపించింది. ఆ ఇంట్లో నేను అడుగుపెడితే పల్లీ తిన్న ప్రతిసారీ ఆవిణ్ణి చంపినట్టే. తినకపోతే నన్ను. ముప్ఫై ఏళ్ళు ఆవిడకి గండం రాకుండా కాచిన ఇంటిని ఆవిడకే ఉండనివ్వాలి.

"నేను ఆ ఇంటికి రానండీ," అన్నాను.

ఆయన తల ఊపారు, అలాగేలే, ఇంకేం మొహం పెట్టుకుని అడుగుతాను అన్నట్టు. పిల్లలిద్దరూ ఏ ఇల్లు అని అడగలేదు, వాళ్ళకి చెప్పకముందే అన్నీ తెలుసు. "రానంటున్నది ఆ ఇంటికి," అన్నాను మళ్ళీ, ఈసారి కాస్త గట్టిగా, ఈయనకి దగ్గరివి కనిపించవు కాబట్టి. "రేపు ఓనరమ్మకి ఖాళీ చేయనని చెప్పేస్తాను. మీరే మా ఇంటికి వచ్చేయండి. ఆ ఇల్లు అలాగే ఉంచండి, పిల్లలొస్తారు, మీరూ వెళ్ళొస్తారు. వెళ్ళేటప్పుడు చేతులు కడుక్కుని వెళ్ళండి, నేనేమీ అనుకోను. మా ఇంట్లో ఉన్నంతసేపు మాత్రం ఉన్నట్టుగా ఉండండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి అరచేత్తో ముఖం తుడుచుకున్నారు. కొడుకు తండ్రి వీపు మీద చెయ్యి వేశాడు, ఇంకో చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. వడ్డించే అమ్మాయి అంతా వినేసినందుకు బిక్కమొహం వేసుకుని, పల్లీపొడి ఏమైనా తెమ్మంటారా అంది, ఆ మాటకి నాకు నవ్వొచ్చింది, తర్వాతమ్మా అన్నాను. కూతురు మాత్రం కాగితం రుమాలుని మడతలు పెడుతోంది, సగానికి, మళ్ళీ సగానికి, ఇక మడవలేనంత చిన్నదయ్యేదాకా. ఒప్పుకోదు అనుకున్నాను. తండ్రిని కూడా తీసుకుపోతున్నాను కదా, ఎందుకొప్పుకుంటుంది. ఆ మడతని ప్లేటు పక్కన పెట్టి నా కళ్ళలోకి చూసింది.

"మీ ఇంట్లో గదులెన్నండీ?"

"రెండు."

"నాన్న పడుకునే గదికి కిటికీ ఉందా? గాలి ఆడకపోతే నిద్రపట్టదు ఆయనకి. పైకి చెప్పరు, రాత్రంతా కూర్చునే ఉంటారు."

"ఉంది."

"తెరుచుకుంటుందా?"

"తెరుచుకుంటుందమ్మా," అన్నాను. "కాస్త బిగుతు. గట్టిగా తోయాలి."